కత్తెరమ్మ వేసిన మొహాలు

కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో ఆయన్ని అందరూ మైకు అనేవాళ్లు. ఆయనకు మైకు అవసరం లేదు కాబట్టి ఆ పేరు వచ్చింది. పొద్దున్నే లారీలు సరుకు దించాక టమాటా బుట్టల వరస ముందు నిలబడి వేలంపాట మొదలుపెడితే, గేటు బయట టీ తాగుతున్న వ్యాపారులకు కూడా పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోయేది. ఇంట్లోనూ అదే గొంతు. భార్య పక్కనే కూర్చున్నా పక్కవీధికి వినబడేలా మాట్లాడేవాడు. ఆమె ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పని మనిషి. మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలన్నీ నేనొక్కణ్ణే వాడేస్తున్నానని ఆయనే అందరికీ చెప్పి నవ్వేవాడు. పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు ఆ గొంతుతోనే నిండిపోయేది.

ఆమె యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పనిచేసేది. ఆమె చేసేది కుట్టుపని కాదు, కత్తిరింపు. ఎత్తయిన బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, పైపొర మీద సుద్దతో గీత గీసి, ఆ గీత వెంబడి కత్తెర నడిపించడం. అందుకే కత్తెరమ్మ అయింది. ఆమె సుద్ద గీత ఒక్కసారే గీసేది. దులిపేసి మళ్లీ గీయడం అక్కడ ఎవరూ చూడలేదు.

ఒక ఉదయం మైకు ఉల్లిపాయల బస్తాలకు పాట పాడుతున్నాడు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. తరవాత నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. పాట పెంచడానికి ఆగాడేమో అనుకుని ఒక వ్యాపారి ధర ఇంకొంచెం పెంచాడు కూడా. మైకు ఆయన వైపు చూసి, కుడిచేత్తో ఏదో చెప్పబోయి, చెయ్యి లేవక, మెల్లగా బస్తాల మీద కూలబడ్డాడు.

వర్క్‌షాపుకి ఫోన్ వచ్చినప్పుడు ఆమె చొక్కా చేతులు కత్తిరిస్తోంది. సగంలో ఉన్న కత్తిరింపు పూర్తిచేసి, కత్తెరను సొరుగులో పెట్టి, బల్ల మీది పీలికలు ఊడ్చి, అప్పుడు బయల్దేరింది. తరవాత ఈ సంగతి వర్క్‌షాపు వాళ్లు చెప్పుకుని ఆశ్చర్యపోయారు. కాళ్లూ చేతులూ ఆడకుండా పోవాల్సిన సమయంలో ఆమె చేతులు ఎప్పటిలాగే ఆడాయి. ఆడనిది ఇంకేదో. అదేమిటో ఆమెకూ తెలియదు.

పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడికాలూ కుడిచెయ్యీ కొంతవరకు కోలుకుంటాయనీ, మాట సంగతి మాత్రం చెప్పలేమనీ అన్నారు. ఇంటికి వచ్చేసరికి మైకు దగ్గర ఒకే ఒక్క మాట మిగిలింది. ‘అదే.’ దాహం వేస్తే అదే. ఫ్యాన్ ఆపమంటే అదే. కోపం వస్తే గట్టిగా అదే, కోపం తగ్గాక మెల్లగా అదే. ఎదుటివాళ్లు చెప్పేది ఆయనకు దాదాపు అంతా అర్థమయ్యేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు మాత్రం ఆయనకు చెవుడు వచ్చినట్టు చెవి దగ్గర అరిచి పలకరించి వెళ్లేవాళ్లు.

మైకు చెల్లెలు రెండు వీధుల అవతల ఉండేది. రోజూ వచ్చేది, రోజూ ఏడ్చేది. వదిన కంట తడి పెట్టకపోవడం ఆమెకు మింగుడుపడలేదు. ఒకరోజు వంటింట్లో వదిన చెయ్యి పట్టుకుంది.

“ఒక్కసారి ఏడువు వదినా. లోపలే పెట్టుకుంటే నీకేమన్నా అయితే మా అన్నయ్యని ఎవరు చూస్తారు?”

ఆడపడుచు అడిగింది కదా అని ఆమె నిజంగానే ప్రయత్నించింది. స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, బకెట్ ముందు కూర్చుంది. ఏమీ రాలేదు. బకెట్ అడుగున పాచి కనబడితే దాన్ని తోమి, నీళ్లు పట్టి, బయటికి వచ్చేసింది. రాయి లాంటి మనిషి అని చుట్టాలు అనుకున్నారు. ఆమె చెవినా పడింది. అది కూడా ఎక్కడా తగల్లేదు.

మైకు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. కాకి అరిస్తే నవ్వేవాడు, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేవాడు. ఈ జబ్బులో అలా జరుగుతుందని, ప్రతి ఏడుపూ దుఃఖం కాదని ఆస్పత్రిలో మాటలు నేర్పించే డాక్టరమ్మ చెప్పింది. వారానికోసారి ఆమె దగ్గరికి తీసుకెళ్లాలి. ఆమె చిన్నగా, ఓపిగ్గా మాట్లాడేది. ఒకసారి ఆయన పని ఏమిటో కనుక్కుని, “పాట ఎలా పాడేవాళ్లు? ఒకటోసారి...” అని అందించి ఆగింది.

మైకు అందుకున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పాత గొంతుతో గడగడా అనేశాడు. వరండాలో జనం తలలు తిప్పి చూశారు. నర్సులు చప్పట్లు కొట్టారు. ఆడపడుచు అన్నయ్యను పట్టుకుని వలవలా ఏడ్చింది. అలవాటుగా దొర్లిపోయే మాటలు ఒక్కోసారి ఇలా వస్తాయనీ, కావలసినప్పుడు కావలసిన మాట తియ్యడం వేరే సంగతి అనీ డాక్టరమ్మ మెల్లగా వివరించింది. కత్తెరమ్మ తల ఆడించి, తిరిగి వెళ్లేటప్పుడు ఆటో దొరుకుతుందా లేదా అని కిటికీలోంచి చూసింది. ఈ గొంతు కోసమే కదా ఇన్నాళ్లూ ఎదురుచూశాను, అని ఆటోలో అనుకుంది. అనుకుంది, అంతే.

డాక్టరమ్మ దగ్గర బొమ్మల కార్డులు ఉండేవి. నోటితో చెప్పలేనివాళ్లు వేలితో చూపించడానికి. ఎక్కడో అచ్చయిన కార్డులు అవి. స్నానం అంటే నురగతో నిండిన పెద్ద తొట్టి. నిద్ర అంటే నాలుగు దిళ్ల మంచం. మైకు వాటిని ఒక్కొక్కటే చూసి పక్కకి నెట్టేశాడు. ఫోన్‌తో ఇంట్లోవాటిని ఫొటోలు తీసి చూపించారు. నీళ్ల గ్లాసు ఫొటోలో ఆయన గ్లాసు వెనక ఉన్న గోడగడియారాన్ని చూపించాడు. ఫొటోలో అన్నీ ఉంటాయి, అందుకే ఆయన కన్ను ఎక్కడో తప్పిపోతోంది, అంది డాక్టరమ్మ. ఒక వస్తువే ఉండాలి, అదీ ఆయనకు తెలిసిన వస్తువై ఉండాలి.

“మీరు గీయగలరా?” అని అడిగింది.

“సుద్దతో చొక్కాలు గీస్తాను.”

“అయితే చెయ్యి ఉందన్నమాట. మొదలుపెట్టండి.”

ఆ పూటే కత్తెరమ్మ వంటింట్లో కూర్చుని ఒక తెల్లకాగితం మీద గ్లాసు వేసింది. రెండు నిలువు గీతలు, కింద ఒకటి, పైన ఒకటి. తీసుకెళ్లి చూపిస్తే మైకు స్నానాలగది వైపు చెయ్యి చూపాడు. బకెట్ అనుకున్నాడు. ఆమె ఆయన్ని లేపి, భుజం కింద భుజం పెట్టి, అక్కడిదాకా నడిపించింది. గుమ్మం దగ్గరికి వెళ్లాక ఆయన అదే, అదే అని తల కొట్టుకున్నాడు. మళ్లీ మంచం దాకా తెచ్చింది. నీళ్లు ఇస్తే గటగటా తాగాడు. ఆయనకు దాహం వేసిన మాట నిజమే, గ్లాసు బొమ్మే అబద్ధం చెప్పింది.

మేడమీద అద్దెకు ఉండే ముసలాయన ఆ వారంలోనే రోగిని చూడడానికి దిగివచ్చాడు. ఆయన బడిపిల్లల సైన్సు పుస్తకాలకు బొమ్మలు వేసి బతికిన మనిషి. పొట్ట కోసి తెరిచిన కప్ప బొమ్మ ఆయనదే. ఆ బొమ్మ చూసి నోటుపుస్తకాల్లో దింపుకోనివాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అందుకని కప్ప మాస్టారు. ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతుంది. టీ ఇస్తే సగం సాసర్లోకి పోయింది. ఆయన సాసర్ పక్కన పెట్టి, మంచం మీద పడి ఉన్న కాగితాలు తీసి చూశాడు.

“ఈ గ్లాసు ఎక్కడ కూర్చుని వేశావమ్మాయ్?”

“వంటింట్లో మాస్టారూ.”

“మీ ఆయన ఎక్కణ్ణుంచి చూస్తాడు?”

ఆమె మంచం వైపు చూసింది. మాస్టారు ఆమెను మంచం అంచున కూర్చోబెట్టి, గ్లాసును స్టూలు మీద పెట్టించాడు. ఏం కనబడుతోందని అడిగాడు. గ్లాసు అంది. కాదు, ఏం కనబడుతోందో చెప్పు అన్నాడు. ఆమె కాసేపు చూసి, పైన అంచు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది, అంది. లోపల నీటి అంచు ఇంకో కోడిగుడ్డు. అది ఇంకొంచెం గుండ్రంగా ఉంది.

“అది. నువ్వు గ్లాసు వెయ్యలేదమ్మా, గ్లాసు ఎలా ఉంటుందో నీకు తెలిసింది వేశావు. తెలిసింది పక్కన పెట్టి కనబడింది వెయ్యి.”

అలా మొదలైంది. మాస్టారు చేత్తో వేసి చూపించలేడు. చూపించబోతే గీత గొంగళిపురుగులా పాకేది. అందుకని కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పేవాడు. ఆమె మణికట్టుతో గీస్తోందనీ, ఇన్నేళ్లూ నిలబడి భుజంతో గీసిన చెయ్యి కూర్చోబెడితే ముడుచుకుపోయిందనీ ఆయనే పట్టుకున్నాడు. వంటగట్టు మీద అట్ట పెట్టి నిలబడి గీయమన్నాడు. ఆ రోజునుంచి గీత సాగింది. కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఆమె మొదటి గీతనే ఆఖరి గీతలా గీసేది. తప్పు పడితే కాగితం పారేసి కొత్తది తీసేది.

“గుడ్డ మీద తప్పు చేస్తే గుడ్డ పాడవుతుంది, నిజమే,” అన్నాడు మాస్టారు. “కాగితానికి ఆ భయం లేదు. ముందు లేతగా తప్పు గీసుకో. తప్పు కనబడితేనే ఒప్పు ఎక్కడుందో తెలుస్తుంది.”

లేతగా గీయడం ఆమెకు చాలా కష్టమైంది. వేళ్లు పెన్సిల్‌ని కత్తెరలా బిగించి పట్టేవి. దువ్వెన, చెప్పులు, తువ్వాలు, మందు సీసా, తలుపు గడియ, కిటికీ ఒక్కొక్కటే వేస్తూ పోయింది. చెప్పులు మనిషి తొడుక్కున్నాక ఒకలా, విప్పాక ఒకలా ఉంటాయని తెలిసింది. తువ్వాలు ముడతలో బరువు ఎటు వేలాడుతోందో గుడ్డ తెలిసిన మనిషి కాబట్టి తొందరగానే పట్టుకుంది. ఒక మందు వేసే వేళకీ ఇంకో మందు వేసే వేళకీ మధ్య ఉన్న ఖాళీని ఆ పని తినేసేది. అది చాలు.

బొమ్మల్ని అట్టముక్కల మీద అంటించి, మూలన కన్నం పెట్టి, ఒక రింగుకి తగిలించింది. మైకు ఎడంచేత్తో వాటిని తిప్పేవాడు. ఒక సాయంత్రం ఆడపడుచు ఉండగా ఫ్యాన్ బొమ్మ చూపించి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తరవాత వెతికి వెతికి కిటికీ బొమ్మ తీశాడు. ఫ్యాన్ ఆపి కిటికీ తియ్యమని. పడిపోయిన తరవాత ఆయన చెప్పిన మొదటి పూర్తి మాట అది. ఆడపడుచు కొంగుతో నోరు నొక్కుకుంది. కత్తెరమ్మ లేచి ఫ్యాన్ ఆపి, కిటికీ రెక్కలు తెరిచింది.

వర్క్‌షాపుకి మళ్లీ వెళ్లడం కుదరలేదు. పూటంతా మైకుని ఒంటరిగా వదలడానికి లేదు. ఆమె పని వేరేవాళ్లకు ఇచ్చామని కబురు వస్తే సరేనంది. అప్పుడే మాస్టారికి పుస్తకాల ప్రచురణ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సైన్సు పుస్తకాలు కొత్తగా అచ్చువేస్తున్నారు. పాత బొమ్మలన్నీ అరిగిపోయిన అచ్చుల్లోంచి మసకగా వస్తున్నాయి, మళ్లీ వేసివ్వాలి. మాస్టారు తన చేతిని ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు. మర్నాడు ఆమెను ఆ ఆఫీసుకి వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఎడిటరు నడివయసు ఆవిడ. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పరీక్ష కోసం కత్తెరమ్మ వేసిచ్చిన ఆకు అడ్డుకోత బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది. గీతలు శుభ్రంగా ఉన్నాయంది. కొలతలు కూడా సరిపోయాయంది. “కానీ అన్నీ ఒకే బరువులో ఉన్నాయండి. పిల్లవాడు పేజీ తియ్యగానే కన్ను ముందు ఎక్కడ ఆగాలి? ఈ బొమ్మలో ఎక్కడా ఆగదు.” ప్రస్తుతానికి ఇవ్వలేనని మర్యాదగానే చెప్పింది.

మెట్లు దిగుతూ మాస్టారే ఎక్కువ నొచ్చుకున్నాడు. ఆమె, ఆవిడ చెప్పింది నిజమేనా మాస్టారూ అని అడిగింది. నిజమే అన్నాడు. అయితే నేర్పండి అంది.

బయటి గీత లావు, లోపలి గీత సన్నం. వెలుతురు పడే వైపు గీత తెగిపోయినా పరవాలేదు. నీడను రుద్దకూడదు, చుక్కలు పెట్టాలి. చుక్కలు దగ్గరైతే లోతు, దూరమైతే ఎత్తు. ఈ చుక్కల పని ఎవరికైనా విసుగు పుట్టించే పని. మాస్టారి దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు చాలామంది అక్కడే పారిపోయారట. ఆమె పారిపోలేదు. నిబ్బు పెన్ను పట్టుకుని చుక్క పక్కన చుక్క పెడుతూ కూర్చునేది. చుక్కకీ చుక్కకీ మధ్య ఆమె ఏమీ ఆలోచించేది కాదు. లోపల ఏ చప్పుడూ లేకపోవడం ఆ ఒక్క పనికి మాత్రం పనికొచ్చింది.

రెండోసారి ఎడిటరు ఒప్పుకుంది. మొదట ఇచ్చింది కప్పనే.

“ఇన్నేళ్లూ పాపం దాని పొట్ట తెరిచే ఉంచాను,” అన్నాడు మాస్టారు. “నీకు ఇచ్చేస్తున్నా. కుట్టుషాపులో పనిచేశావు కదా అని కుట్లు వేసెయ్యకు, పుస్తకం నడవదు.”

“వెయ్యను మాస్టారూ,” అంది ఆమె.

ఆమె నవ్వుతుందని ఎదురుచూసి, చివరికి ఆయనే నవ్వుకున్నాడు.

కప్ప తరవాత గుండె, గుండె తరవాత కంటి లోపలి భాగాలు, వేర్లు, మొలకలు. పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చింది. మొదటి పేజీ వెనక చిన్న అక్షరాల్లో, బొమ్మలు అని రాసి ఆమె పేరు ఉంది. మైకు ఆ పేరు మీద వేలు పెట్టి నవ్వాడు, ఏడ్చాడు, పుస్తకాన్ని గుండెకు ఆనించుకున్నాడు. ఆమె పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని పేజీలు తిప్పింది. గుండె బొమ్మలో పేరు చూపే గుర్తుగీత ఒకటి రక్తనాళానికి తగలకుండా పక్కకి జరిగింది. పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఎడిటరుకు చెప్పాలని గుర్తుపెట్టుకుంది.

ఆస్పత్రి డాక్టరమ్మ అప్పటికే మైకు కార్డులు చూసి, వార్డులో అందరికీ పనికొచ్చేలా ఒక కట్ట వేసిపెట్టమంది. వస్తువులు ఆమెకు చేయి తిరిగిన పనే, ఇబ్బంది లేకుండా వేసింది. చివర్లో డాక్టరమ్మ మొహాలు అడిగింది. కోపం, భయం, సంతోషం, దిగులు, నొప్పి. రోగి తనకెలా ఉందో చెప్పుకోవాలి కదా అంది.

అక్కడ చెయ్యి ఆగిపోయింది. కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ ఉన్నచోట ఉన్నాయి. అయినా వార్డులో చూపిస్తే కోపాన్ని ఒకాయన పంటినొప్పి అన్నాడు. దిగులు మొహాన్ని చూసి ఒకావిడ నిద్రపోతున్నట్టు తల వాల్చి చూపించింది. సంతోషం ఎవరికీ అర్థం కాలేదు. ఆమె అద్దం ముందు కూర్చుని తన మొహం చూసి వెయ్యబోయింది. కనుబొమలు ముడిచింది, పెదవులు సాగదీసింది. అద్దంలో ఒకావిడ కనుబొమలు ముడుస్తోంది, అంతే కనబడింది. మాస్టారిని అడిగితే చేతులెత్తేశాడు. నేను బతుకంతా కప్పలూ ఆకులూ వేశానమ్మా, వాటికి కోపం రాదు అన్నాడు. కాస్త ఆగి, ఇంట్లో మీ ఆయన ఉన్నాడు కదా అన్నాడు.

ఉన్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నవ్వీ ఏడ్చీ కోప్పడీ అలిసిపోయే మొహం, రెండడుగుల దూరంలో. వేలంపాటలో వందమంది ముందు నిలబడిన మనిషి కదా, బొమ్మకు కూర్చోమంటే మైకు హుషారుగా దిండు సర్దుకున్నాడు. ఆమె అట్ట ఒళ్లో పెట్టుకుని చూసింది. కుడి పెదవి కొస జారి ఉంది. కుడి చెంప నవ్వులో సగం దారిలో ఆగిపోతుంది. నవ్వేటప్పుడు ఎడమకన్ను చుట్టూ పడే ముడతలు నోటికంటే ముందే మొదలవుతాయి. ఏడుపు కూడా కింది రెప్పలోనే పుడుతుంది. రోజూ తను గడ్డం గీసే మొహమే. ఇన్ని నెలలుగా గీస్తూ ఒక్కసారీ చూడలేదని అప్పుడు తెలిసింది. తెలిసి, మళ్లీ కింది రెప్ప గీయడంలో పడింది.

రోజులు పట్టింది. కోపం కాగితం మీదికి వచ్చింది. భయం వచ్చింది. ఆయన చెల్లెలి మీద అలిగిన రోజున అలక కూడా దొరికింది, డాక్టరమ్మ అడక్కపోయినా. ఒక మధ్యాహ్నం అయిపోయినవీ సగంలో ఉన్నవీ దుప్పటి మీద పరిచి, ఈ రోజు మీకెలా ఉందో చూపించండి అని ఆయన్ని అడిగింది. మొహాలు తెలుస్తున్నాయో లేదో చూద్దామని.

మైకు ఒక్కొక్కటే చూశాడు. సంతోషం పక్కకి జరిపాడు. దిగులు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టాడు. సగంలో ఆపిన బొమ్మ ఒకటి ఉంది. మొహం చుట్టుగీత, ముక్కు, కళ్లు అయ్యాయి, నోరు ఇంకా వెయ్యలేదు. దాన్ని ఎడంచేత్తో తీసి, ముందుకు వంగి ఆమె ఒళ్లో పెట్టాడు.

“అదే,” అన్నాడు.

“ఇది ఇంకా అవలేదండీ. నోరు వెయ్యాలి.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. కాగితాన్ని చూపించి, ఆ వేలిని మెల్లగా ఆమె మొహం వైపు తిప్పాడు.

“నేనా?”

“అదే.”

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

“నాకేమీ తెలీటం లేదండీ,” అంది. “మీరు పడిపోయిన రోజునుంచీ ఏమీ తెలీటం లేదు. బాధ కూడా. అందరూ ఏదో అంటున్నారు. నేనేమో పని చేసుకుంటున్నాను.”

ఆడపడుచు ఎన్నిసార్లు అడిగినా రాని మాట అది. మైకు ఏడవలేదు, నవ్వలేదు. మంచం మీద పక్కకి జరిగి చోటు చేశాడు. ఆమె కాగితాలు పక్కన పెట్టి ఆ చోటులో కూర్చుంది. ఏడుపు వస్తుందేమో అని ఆమెకే అనిపించింది. రాలేదు. పొయ్యిమీద టీ మరిగి పొంగిన వాసన వస్తే లేచి వెళ్లింది.

ఆ బొమ్మకు తరవాత నోటి చోట ఒక చిన్న అడ్డగీత మాత్రం వేసింది. వంపు లేని గీత. కట్టతో పాటు డాక్టరమ్మకు ఇచ్చి, ఇది కూడా పెట్టొచ్చా అని అడిగింది. దీన్ని ఏమని రాయమంటారు అని డాక్టరమ్మ అడిగితే, ఏమీ అనిపించడం లేదు అని రాయమంది. డాక్టరమ్మ ఆమె మొహం వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా రాసింది. వార్డులో ఆ కార్డు మిగతావాటికంటే త్వరగా నలిగిపోయింది. రోగులే కాదు, వాళ్లతో వచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్లు కూడా దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లట.

మైకుకి మరికొన్ని మాటలు వచ్చాయి. టీ, రా, వద్దు, చెల్లెలి ముద్దుపేరు. కర్రసాయంతో మార్కెట్‌కి వెళ్లి కాటా పక్కన కుర్చీలో కూర్చునేవాడు. కొత్తగా పాట పాడే కుర్రాడి గొంతు నచ్చక మొహం చిట్లించేవాడు. రింగు కార్డులు మెడలో వేసుకునే వెళ్లేవాడు. వ్యాపారులు వాటితో ఆయనతో బేరాలాడి సరదా పడేవాళ్లు. మాస్టారి కళ్లు కూడా మందగించాయి. కొత్త బొమ్మ ఏది వేసినా ఆమె మేడమీదికి తీసుకెళ్లి ఏం వేసిందో నోటితో చెప్పేది, ఆయన వింటూ తప్పులు పట్టేవాడు.

ఆస్పత్రి మొహాల కార్డులు ఎడిటరు చూసింది. ఈసారి పిల్లల కథల పుస్తకం చేతికిచ్చింది. పేజీ పేజీకీ రంగుల బొమ్మలు, జంతువులన్నిటికీ మొహాలు కావాలి. ఆమె ఒప్పుకుంది. నక్క వాన నీటిగుంటలో తన నీడ చూసుకునే పేజీకి ఎక్కువ రోజులు పట్టింది. తడి బొచ్చుకి రంగు మీద రంగు వేసి, ఆరబెట్టి, మళ్లీ వేసి, చివరికి తోకలో ఒక మెరుపు తనంతట తనే వచ్చింది. అలాంటిది మళ్లీ రమ్మంటే రాదు.

ఆ బొమ్మ బల్ల మీద ఆరుతుండగా ఆడపడుచు వానలో తడుచుకుంటూ వచ్చి, కూరల సంచీని తీసుకొచ్చి సరిగ్గా దానిమీదే పెట్టింది. సంచీ తీసేసరికి నక్క తోక, నీటిగుంట, ఆకాశం అన్నీ ఒకటే మరక.

“కళ్లు ఎక్కడ పెట్టుకుని వచ్చావ్?” అంది కత్తెరమ్మ. గొంతు తనదిలా లేదు. “బల్ల మీద ఏముందో చూసుకోవా? వారం రోజులు ఒళ్లు వంచి చేసిన పని. సంచీ పెట్టడానికి ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?”

చేతిలోని బ్రష్‌ని గోడకేసి కొట్టింది. చెవులు వేడెక్కాయి. మంచం మీదినుంచి మైకు తల ఎత్తి చూశాడు. ఆడపడుచు గుమ్మంలో తడిబట్టలతో నిలబడి, తిట్లు తింటూనే, ముందు బిత్తరపోయి తరవాత మొహమంతా విప్పారి, అన్నయ్య వైపు తిరిగింది.

“అన్నయ్యా, వదినకి కోపం వచ్చింది,” అంది.

అది విని కత్తెరమ్మకు ఇంకా ఒళ్లు మండింది. లోపలిగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి బయటికి వచ్చి, మరకపడిన కాగితం తీసేసి, కొత్త కాగితం బిగించింది.

రెండోసారి వేసిన నక్క బాగానే వచ్చింది. తోకలో ఆ మెరుపు రాలేదు. ఎడిటరుకి తేడా తెలియలేదు, పుస్తకం కొన్న ఏ పిల్లకీ తెలియలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ పుస్తకం తెచ్చి మెచ్చుకుంటే ఆమె ఆ ఒక్క పేజీని గబుక్కున తిప్పేస్తుంది. అది చూసినప్పుడల్లా ఆమెకు చిరాకేస్తుంది.